ఒకే బిల్డింగ్‌లో 412, 17 వేలు, 42 వేలు: దక్షిణ ముంబై అద్దెల లెక్క

ముందు మీ ప్రశ్న ఒకసారి తిరిగి చెప్తాను, ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. రాజమండ్రి నుంచి ముంబై ఫోర్ట్‌లో బ్యాంకు ఉద్యోగానికి వచ్చారు. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. ఆఫీసు దగ్గరని గిర్‌గావ్‌లో ఇల్లు చూస్తున్నారు. ఒక పాత బిల్డింగ్‌లో రెండో అంతస్తు ఇల్లు 17 వేలకు ఇస్తామన్నారు, కానీ అగ్రిమెంట్ వద్దన్నారు. అదే బిల్డింగ్‌లో మూడో అంతస్తులో అంతే ఉన్న ఇల్లు 42 వేలు. మెట్ల దగ్గర కలిసిన పెద్దావిడ మేం నెలకు 412 రూపాయలు కడతామని చెప్పింది. ఇంత తేడా ఎలా వచ్చింది, 17 వేలది తీసుకోవచ్చా, కొన్నాళ్లు ఆగితే ఈ అద్దెలు దిగుతాయా అని అడిగారు.

మా తాత కరీంనగర్ నుంచి మిల్లు పనికి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టి పెరిగింది చాల్‌లోనే, అంటే ఉమ్మడి వరండా మీద వరసగా గదులుండే పాత బిల్డింగ్‌లో. 26 ఏళ్లుగా అద్దె కాగితాల పని చేస్తున్నాను, అంటే లీవ్ అండ్ లైసెన్స్ (గడువు పెట్టి ఇల్లు వాడుకోనిచ్చే ఒప్పందం) రిజిస్ట్రేషన్లు, పగ్డీ ఇళ్ల (పాత తక్కువ అద్దె ఇళ్ల) ట్రాన్స్‌ఫర్లు, ధోబీ తలావ్ స్మాల్ కాజెస్ కోర్టులో ఇల్లు ఖాళీ కేసులు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆ పెద్దావిడ అబద్ధం చెప్పలేదు. మీరు చూసిన మూడు ఇళ్లూ ఒకే గోడల మధ్య ఉన్నా, చట్టం లెక్కలో మూడూ వేరు వేరు. ఎవరి అద్దె ఎంతో నిర్ణయించేది గది సైజు కాదు, వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద తేదీ.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బొంబాయిలో ఇళ్లకు విపరీతమైన కరువు. అప్పుడు మొదలైన నియంత్రణను 1947లో బాంబే రెంట్ యాక్ట్‌గా గట్టిగా కట్టారు. దాని ప్రకారం 1940 సెప్టెంబర్ 1న ఉన్న అద్దే ఆ ఇంటికి స్టాండర్డ్ రెంట్. అంతకంటే పెంచడానికి దారి దాదాపు లేదు, అద్దె కడుతున్నవాళ్లను ఖాళీ చేయించడానికీ లేదు. తాత్కాలికం అనుకున్న చట్టం, గడువు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ యాభై ఏళ్లు నడిచింది. ఆలోచించండి, బియ్యం ధర మారింది, జీతాలు మారాయి, మేస్త్రీ కూలి మారింది, అద్దె మాత్రం యుద్ధం నాటి దగ్గరే ఆగిపోయింది. 1997 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో ఈ స్టాండర్డ్ రెంట్ పద్ధతి ఇక సమంజసం కాదని స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత వచ్చిందే మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ యాక్ట్ 1999, అమల్లోకి వచ్చింది 2000 మార్చి 31న.

కొత్త చట్టం ఏం చేసిందంటే, పాత అద్దెదారుల అద్దెను ఓనరు ఏటా 4 శాతం పెంచుకోవచ్చు అంది, అంతే. లెక్క చేసి చూడండి. 2000లో నెలకు 150 రూపాయలున్న గదికి ఏడాదికి 4 శాతం చొప్పున, పెరిగినదాని మీద మళ్లీ కలుపుకుంటూ పోయినా 25 ఏళ్లకు దాదాపు 400. మీ పెద్దావిడ చెప్పిన అంకె దగ్గరికే వచ్చింది కదా. అద్దెదారు పోతే కలిసి ఉంటున్న కుటుంబ సభ్యులకు ఆ హక్కు వస్తుంది, కాబట్టి మూడో తరం కూడా అదే అద్దె రసీదు మీద ఉంటుంది. ఈ పద్ధతినే ఇక్కడ పగ్డీ అంటారు. ఇల్లు ఖాళీ చేసి ఇంకొకరికి ఇవ్వాలంటే వచ్చేవాళ్లు పెద్ద మొత్తం ఇస్తారు, అందులో మూడో వంతు దాకా ఓనరు తీసుకుని కొత్తవాళ్ల పేరున రసీదు రాస్తాడు, మిగతాది వెళ్లేవాళ్లకు. చాలాకాలం చాటుగా జరిగిన ఈ వ్యవహారాన్ని 1999 చట్టమే 56వ సెక్షన్‌లో ఒప్పుకుంది.

ఇదే చట్టం కొందరిని మాత్రం రక్షణ నుంచి తీసేసింది. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు, మల్టీనేషనల్ కంపెనీలు, విదేశీ రాయబార కార్యాలయాలు, కోటి రూపాయలు అంతకు మించి పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు పెట్టిన మూలధనం) ఉన్న కంపెనీలు. ఫోర్ట్‌లో, కొలాబాలో, మెరైన్ డ్రైవ్ మీద ఆఫీసర్ల కోసం పాత అద్దెకు పట్టుకున్న ఫ్లాట్లకు మార్కెట్ రేటు కట్టాలి లేదా ఖాళీ చేయాలి అన్నది అక్కడి నుంచే మొదలైంది. మెరైన్ డ్రైవ్‌లో, ఓవల్ మైదాన్ చుట్టూ ఉన్న ఆర్ట్ డెకో బిల్డింగులకు 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటిల్లో కూడా ఒక ఫ్లాట్‌కు నెలకు రెండు మూడు వేలు కట్టే కుటుంబం, పక్క ఫ్లాట్‌కు మూడు లక్షలు కట్టే కంపెనీ ఉండటం నా ఫైళ్లలో నేను చూసిందే. పాత చాల్‌లో అయినా సముద్రం ఎదురుగా అయినా కథ ఒకటే.

ఇంత తక్కువ అద్దె కట్టేవాళ్ల మీద బయటి నుంచి వచ్చినవాళ్లకు కోపం వస్తుంది, నాకు తెలుసు. ఓనర్లనైతే అందరూ తిడతారు. నేను రెండు వైపులా కూర్చుని కాగితాలు రాశాను కాబట్టి చెప్తున్నాను, ఇందులో దొంగలెవరూ లేరు. ముప్పై ఇళ్ల నుంచి తలా 400 వస్తే నెలకు 12 వేలు. దాంతో వందేళ్ల బిల్డింగ్‌కు రంగు కూడా వేయలేరు, దూలాలు మార్చడం సంగతి సరే సరి. అందుకే 1969లో రిపేర్ బోర్డు చట్టం తెచ్చి, అద్దెదారుల దగ్గర సెస్ (రిపేర్ల కోసం పన్ను) వసూలు చేసి, రిపేర్లు బోర్డు చేయాలని పెట్టారు. వీటినే సెస్ బిల్డింగులు అంటారు, మొదట లెక్కేసినప్పుడు 19,642 ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం 1940కి ముందు కట్టినవి. ఇప్పుడు ఈ పని రాష్ట్ర ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ మ్హాడా చూస్తుంది. వచ్చే డబ్బు చాలదు, బిల్డింగులు మాత్రం ఏటా ఒక వర్షాకాలం ముసలివవుతున్నాయి.

2017 ఆగస్టు 31న భేండీ బజార్‌లో హుస్సేనీ బిల్డింగ్ కూలి 33 మంది పోయారు. 2019 జూలై 16న డోంగ్రీలో కేసర్‌బాయి బిల్డింగ్ కూలింది. సరిగ్గా ఏడాదికి, 2020 జూలై 16న ఫోర్ట్‌లో, మీ ఆఫీసు ఉన్న ప్రాంతంలోనే, భానుశాలి బిల్డింగ్ కూలింది. తక్కువ అద్దె గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు పేర్లు మర్చిపోకండి. ఆ 412 రూపాయలకు ఆ కుటుంబం ప్రతి జూలైలో ఇంకో ధర కూడా కడుతోంది.

మరి ఎందుకు వదలరు అంటారా? ఆ రసీదు విలువ ఈ నెల అద్దెలో లేదు, రేపు వచ్చే ఫ్లాట్‌లో ఉంది. సెస్ బిల్డింగ్‌ను ముంబై కట్టడాల నియమావళిలోని 33(7) నియమం కింద పడగొట్టి కడితే పాత అద్దెదారుకు కనీసం 300 చదరపు అడుగుల సొంత ఫ్లాట్ ఉచితంగా రావాలి. 150 అడుగుల గదిలో, బయట వరండాలో ఉమ్మడి టాయిలెట్‌తో బతికిన మనిషికి అది జీవితం మారిపోయే విషయం. వర్లీ బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లు ప్రభుత్వానివి కాబట్టి ఆ లెక్క వేరే, కానీ 2025 ఆగస్టులో అక్కడ మొదటి విడత 556 కుటుంబాలకు 160 అడుగుల గది పోయి 500 అడుగుల ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయి. ఆ ఫొటోలు చూశాక గిర్‌గావ్‌లో, ఖేత్‌వాడిలో, కామాఠీపురాలో ఎవడు రసీదు వదులుకుంటాడు చెప్పండి? కామాఠీపురా పేరే మనవాళ్ల మీద వచ్చింది, నిజాం రాజ్యం నుంచి కూలి పనికి వచ్చిన కామాఠీలు ఉన్న పేట అది. ఆ సందుల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి, వాళ్లూ ఈ ఎదురుచూపులోనే ఉన్నారు.

అందువల్ల ఏం జరిగిందంటే చాలామంది బోరివలీకో విరార్‌కో డోంబివలీకో మారిపోయి ఇక్కడి గదికి తాళం వేసి పెట్టుకున్నారు. ఆరు నెలలు కారణం లేకుండా వాడకపోతే ఓనరు ఖాళీ కేసు వేయొచ్చు కాబట్టి నెలకోసారి వచ్చి ఒక రాత్రి పడుకుని, కరెంటు బిల్లు కాస్త తిరిగేలా చూసి, గణపతి పండక్కి పది రోజులు ఉండి వెళ్తారు. మీరు ఏ సందులోకి వెళ్లినా ఈ తాళాలు కనిపిస్తాయి. ఊరి నడిబొడ్డున, స్టేషన్ పక్కన, ఇన్ని గదులు మార్కెట్లోకి రాకుండా ఉన్నాయి. మిగిలిన కొద్ది ఇళ్ల కోసం మీరు, మీలాంటి బ్యాంకు వాళ్లు, జేజే హాస్పిటల్ డాక్టర్లు, సీఏ ఆర్టికల్స్ పిల్లలు, అందరూ పోటీ పడుతున్నారు. 42 వేలకు అసలు కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని బ్రోకర్లు చెప్పరు. బిల్డింగ్ రీడెవలప్‌మెంట్‌కు, అంటే పాతది పడగొట్టి కొత్తది కట్టడానికి, వెళ్తే కట్టడం అయ్యేదాకా పాత కుటుంబాలకు బిల్డరు నెలనెలా అద్దె ఇస్తాడు. పిల్లల బడి, ముసలివాళ్ల డాక్టరు, గుడి, కూరగాయలవాడు, అన్నీ ఇక్కడే కాబట్టి ఆ ముప్పై కుటుంబాలూ ఇదే పేటలో ఇల్లు వెతుకుతాయి. ఒక్క బిల్డింగ్ ఖాళీ అయితే చుట్టూ నాలుగు సందుల్లో అద్దె పెరగడం నేను చాలాసార్లు చూశాను. మా ఇంటి సంగతే చెప్తాను. మా చాల్ రీడెవలప్‌మెంట్‌కు ఇచ్చినప్పుడు బిల్డరు మొదటి రెండేళ్లు చెక్కులు సరిగ్గా ఇచ్చాడు, తర్వాత ఆపేశాడు, పునాది గుంటలో నీళ్లు నిలిచిపోయాయి. మా అమ్మ ఐదేళ్లలో మూడు ఇళ్లు మారింది. తన సొంత గడప తిరిగి చూడకుండానే పోయింది. కొత్త టవర్లు చూసి ఊరు బాగుపడిందని ఎవరైనా అంటే నాకు ఆ గుంటే గుర్తొస్తుంది.

ఇక లీవ్ అండ్ లైసెన్స్ సంగతి. 1973లో రెంట్ యాక్ట్‌కు ఒక సవరణ చేసి, ఆ ఏడాది ఫిబ్రవరి 1న లైసెన్స్ మీద ఇంట్లో ఉన్నవాళ్లందరినీ పూర్తి అద్దెదారులుగా గుర్తించారు. రాత్రికి రాత్రి ఓనర్లకు ఇల్లు చేజారింది. ఆ భయం ఈ ఊరి ఎముకల్లో ఉండిపోయింది. అందుకే ఇవాళ్టికీ 11 నెలలు, మళ్లీ 11 నెలలు, ఎక్కువ కాలం ఇవ్వరు, ముసలి ఓనర్లైతే ఇల్లు ఖాళీగా పెట్టుకుంటారు గానీ ఇవ్వరు. 1999 చట్టం 24వ సెక్షన్ వాళ్లకు ధైర్యం ఇచ్చింది: గడువు ముగిశాక ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె కట్టాలి, దీనికోసం పెట్టిన అధికారి, అంటే కాంపిటెంట్ అథారిటీ దగ్గర త్వరగా ఆర్డరు వస్తుంది. లీవ్ అండ్ లైసెన్స్ అద్దెకు చట్టం పరిమితి ఏమీ లేదు, ఎంత పలికితే అంత. మన హైదరాబాద్‌లో కూడా రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, కానీ అద్దె ఒక పరిమితి దాటితే వర్తించదు కాబట్టి అక్కడ ఇంత తేడా మీరెప్పుడూ చూసి ఉండరు.

ఇప్పుడు మీ 17 వేల ఇల్లు. వద్దు. గట్టిగా చెప్తున్నాను, వద్దు.

అగ్రిమెంట్ వద్దన్నారంటే, నాకు తెలిసినంతలో, మీకు ఇస్తున్నది ఓనరు కాదు, పగ్డీ అద్దెదారు. అతనికి 400 రూపాయల రసీదు ఉంది, ఓనరుకు తెలియకుండా మీ దగ్గర 17 వేలు తీసుకుంటాడు. చట్టంలో ఇది సబ్‌లెటింగ్, ఖాళీ చేయించడానికి ఓనరుకు దొరికే బలమైన కారణాల్లో ఒకటి. ఓనర్లు దీనికోసం కాచుకుని ఉంటారు. కేసు పడితే మీరు అందులో సాక్ష్యం అవుతారు. వాచ్‌మన్ అడిగితే చుట్టాలమని చెప్పండి, పోస్టు ఇక్కడికి తెప్పించుకోకండి, గ్యాస్ కనెక్షన్ మార్చకండి అంటారు. రెండేళ్ల పాపతో అలా దొంగల్లా బతకడం ఎంత టెన్షనో, అలా బతికినవాళ్లు నా ముందు కూర్చుని ఏడుస్తుంటే చూశాను. ఒక కుర్రాడు, మన విజయనగరం వైపు అబ్బాయి, ఇలాగే లక్షన్నర డిపాజిట్ క్యాష్‌గా ఇచ్చాడు. నాలుగో నెలలో ఓనరు మనుషులు వచ్చారు, ఇల్లిచ్చిన ఆయన ఫోన్ ఆపేశాడు. చేతిలో ఒక్క కాగితం లేదు. నేను ఏమీ చేయలేకపోయాను.

ఇంకో ముక్క. ఏడాదికి లక్ష దాటి అద్దె కడుతూ హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కావాలంటే ఇంటాయన పాన్ నంబరు ఇవ్వాలి. పాత పన్ను పద్ధతిలో మీరుంటే, ముంబైలో బేసిక్‌లో 50 శాతం దాకా లెక్కలోకి వస్తుంది. ఆ 17 వేలవాడు పాన్ ఇవ్వడు. ఆ మినహాయింపు పోయాక మీకు మిగిలే తేడా మీరు అనుకున్నంత ఉండదు, ఒకసారి మీ జీతంతో లెక్క వేసుకోండి.

ఒకవేళ ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుని, అతని సంతకం కూడా ఉండి, అగ్రిమెంట్ రిజిస్టర్ చేస్తామంటే అప్పుడు వేరు. అలాంటివి కొన్ని జరుగుతాయి, ఓనరుకు కొంత వాటా ఇచ్చి. అది అయితే కాగితాలు చూపించండి, చూద్దాం.

42 వేల ఇల్లు బహుశా ఓనరు తన చేతికి వచ్చిన గదిని బాగుచేయించి ఇస్తున్నది. కాగితం వరకు అది సరైనదే, కానీ బిల్డింగ్ అదే కదా, పైన మార్బుల్ వేసినా కింద దూలాలు అవే. మ్హాడా ఏటా వర్షాలకు ముందు అత్యంత ప్రమాదకరమైన సెస్ బిల్డింగుల జాబితా ఇస్తుంది, కార్పొరేషన్ తనది తాను ఇస్తుంది, అందులో సీ-1 అంటే ఖాళీ చేయాల్సినవి. ఆ రెండూ చూడకుండా టోకెన్ ఇవ్వకండి. వరండా కింద ఇనుప గడ్డర్లు తుప్పు పట్టి పొరలుగా ఊడుతున్నాయా, చెక్క దుంగలు ఆసరాగా పెట్టి ఆపారా, టాయిలెట్ వైపు గోడ చెమ్మ పట్టి ఉబ్బిందా, పగటిపూట వెళ్లి చూడండి. రీడెవలప్‌మెంట్‌కు సంతకాలు తీసుకుంటున్నారా అని కింద దుకాణంవాడిని అడగండి, 51 శాతం ఒప్పుకుంటే పని ముందుకు వెళ్తుంది, మీరు సామాన్లు సర్దిన ఆరో నెలలో ఖాళీ చేయమనొచ్చు.

నన్నడిగితే మీకు సరిపోయేది ఇంకో రకం, రీడెవలప్ అయిన బిల్డింగ్‌లో పాత అద్దెదారుకు వచ్చిన చిన్న ఫ్లాట్. వాళ్లు దూరం వెళ్లి సొంత ఫ్లాట్ ఇక్కడ లీవ్ అండ్ లైసెన్స్‌కు ఇస్తారు. 300 నుంచి 400 అడుగులు, లిఫ్టు, ఇంట్లోనే టాయిలెట్. నేను ఈ మధ్య రిజిస్టర్ చేయించినవి 40 నుంచి 55 వేల మధ్య ఉన్నాయి. అదే స్థలంలో అమ్మకానికి కట్టిన పెద్ద టవర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ లక్ష దాటుతుంది, అటు చూడనే వద్దు. ఇచ్చేవాళ్ల పేరు హౌసింగ్ సొసైటీ ఇచ్చే షేర్ సర్టిఫికెట్ మీద గానీ ఫ్లాట్ కేటాయింపు కాగితం మీద గానీ ఉందో లేదో చూడండి, కరెంటు బిల్లు పేరుతో సరిపోల్చండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించండి, ఆన్‌లైన్‌లో ఆధార్ వేలిముద్రతో ఇంట్లోనే అవుతుంది. అద్దె 40 వేలు, డిపాజిట్ లక్షన్నర అనుకుంటే 11 నెలలకు స్టాంప్ డ్యూటీ 1,100 పైచిల్లర, రిజిస్ట్రేషన్ ఫీజు వెయ్యి. రిజిస్టర్ చేయించే బాధ్యత చట్టం ఓనరు మీదే పెట్టింది, చేయించకపోతే గొడవ వచ్చినప్పుడు షరతుల గురించి మీరు చెప్పిందే నిజమని ముందుగా తీసుకుంటారు. డిపాజిట్ బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

మూడో ప్రశ్న, ఆగితే దిగుతాయా? దిగవు. పాత అద్దెలు 4 శాతం చొప్పున పాకుతాయి, కొత్తవి మార్కెట్‌తో పరిగెడతాయి, కాబట్టి మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా మోడల్ టెనెన్సీ యాక్ట్ తెచ్చినా అది పాత అద్దెలను ముట్టుకోదు, ముందుకు జరిగే ఒప్పందాలకే. ఓనర్ల సంఘం వేసిన పాత కేసులో 2024 నవంబర్ 5న సుప్రీం కోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్, ప్రైవేటు ఆస్తులన్నిటినీ సమాజ వనరులుగా లెక్కవేయడానికి వీల్లేదని చెప్పింది. సెస్ బిల్డింగులను నెల అద్దెకు వంద రెట్లు ఇచ్చి ప్రభుత్వం తీసుకోవచ్చన్న నిబంధన మీద మొదలైన కేసే అది. ఓనర్లకు అది పెద్ద ఊరట, కానీ దానివల్ల మీ అద్దె తగ్గదు. పైగా 2025 అక్టోబర్‌లో మెట్రో 3 కఫ్ పరేడ్ దాకా తెరుచుకుంది, గిర్‌గావ్, కాల్బాదేవి స్టేషన్లు నడుస్తున్నాయి, బ్రోకర్లు ఆ పేరు చెప్పి రేటు పెంచుతున్నారు.

అయితే అదే మెట్రో మీకు పనికొస్తుంది. హుతాత్మా చౌక్‌లో దిగితే మీ ఆఫీసు నడక దూరం. దాదర్, మాహిం వైపు ఆ లైను మీద చూడండి. హార్బర్ లైన్‌లో వడాలా, శివడీ కూడా చూడండి, రైలు నేరుగా ఫోర్ట్ దగ్గరి సీఎస్ఎంటీ స్టేషన్‌కు వస్తుంది. దాదర్ ఈస్ట్‌లో ఆంధ్ర మహాసభ ఉంది, పక్కనే దక్షిణాదివాళ్లు ఎక్కువగా ఉండే మాటుంగా, పాపకు పెరుగన్నం దొరక్క ఇబ్బంది పడరు.

బ్రోకరు ఒక నెల అద్దె అడుగుతాడు, మామూలే. ఎక్కడ తీసుకున్నా అడ్వాన్స్ ఇచ్చే ముందు కాగితాలు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పేర్లూ నంబర్లూ చెరిపేసి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూసి చెప్తాను.